మోకాలి కిందంతా మేమే

ఈ మధ్య ఇక్కడ బర్మాలో, మా చిమిండైంగ్ పేటలో, బూట్లతో నేల మీద దెబ్బలు వేస్తూ ఆడే టాప్ డాన్సు నేర్చుకునే పిల్లలు ఏడెనిమిది మంది తయారయ్యారు. నేనూ మా అన్నయ్యా పాత నలుపు తెలుపు సినిమాల్లో టాప్ ఆడినవాళ్ళమని ఎవరో చెబితే, మా మనవరాలు వాళ్ళని వెంటబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఏ హీరోతో ఫొటో దిగారని అడిగారు. పేరు బాగా వచ్చిందా అని అడిగారు. పని ఎలా చేసేవారని ఒక్కరైనా అడుగుతారేమోనని చూశాను. అడగలేదు. టీ తాగి, ఫోన్లలో నా ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ మీద నాకు కోపమేమీ లేదు, ఆ వయసులో నేనూ అలాగే ఉన్నాను. కానీ అడగని ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గరే ఉండిపోయింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు పైడితల్లి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, చిమిండైంగ్ మార్కెట్‌లో మిరపకాయలూ చింతపండూ అమ్మే కొట్టు పెట్టాడు. స్టూడియోలో బర్మా వాళ్ళకి నా పేరు నోరు తిరక్క "మా పై" అనేవారు. ఆడపిల్లని మర్యాదగా పిలవడానికి వాళ్ళు పేరు ముందు "మా" అంటారు. అన్నయ్య పేరు సింహాచలం, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. ఇప్పుడు నది అవతల దలా ఊళ్ళో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఇది మొదలుపెట్టే ముందు పడవ దాటి వెళ్ళి అడిగాను, రాయనా అని.

"రాయి. గానీ నాను పడిపోయిన సంగతి మరీ పెద్దగా రాయకు," అన్నాడు.

అన్నయ్య మాట నేను వినని సందర్భాలు తక్కువే. ఇది వాటిలో ఒకటి.

మిస్ గారి బల్ల

మాకు టాప్ నేర్పింది ఒక ఆంగ్లో బర్మీస్ ఆవిడ. అందరూ మిస్ అనేవారు. ఒకప్పుడు పెద్ద హోటల్లో ఆడేదట. మేము వెళ్ళేనాటికి లావెక్కి, మమ్మల్ని చెక్కబల్ల ఎక్కించి, తాను కుర్చీలోంచి లేవకుండా చేతికర్రతో నేల మీద కొట్టి పాఠం చెప్పేది. కాళ్ళు చూసేది కాదు. కళ్ళు మూసుకుని వినేది. "నీ కాలు అబద్ధం ఆడుతోంది," అనేది. అంటే కాలు కదిలింది గానీ దెబ్బ పడలేదని. మొదటి ఏడాదంతా నా కాళ్ళు అబద్ధాలే ఆడాయి.

బూట్లకి కొట్టే లాడాలు దొరికేవి కావు. ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో పనిచేసే మా మేనమామ రేకు కోసి, అరగదీసి, రంధ్రాలు పెట్టి ఇచ్చాడు. అవి తొడుక్కుని కొట్టు ముందున్న చెక్క అరుగు మీద రోజూ పొద్దున్నే ఆడేవాళ్ళం. చింతపండు కొనడానికి వచ్చినవాళ్ళు నోరు వెళ్ళబెట్టి నిలబడిపోయేవారు. నాన్న ముందు తిట్టాడు. బేరాలు పెరిగాక మానేశాడు.

సినిమాకి పిలుపు వచ్చినప్పుడు అమ్మ ఒక్కటే షరతు పెట్టింది. "అన్నా సెల్లీ ఎదురుబొదురు నిలబడి సెయ్యీ సెయ్యీ అట్టుకుని సరసాలాడితే ఒప్పుకోను. పక్కపక్కన నిలబడి ఆడితే ఆడండి." డైరెక్టరుకి ఈ మాట నేనే బర్మా భాషలో చెప్పాను. ఆయన నవ్వి సరే అన్నాడు. ఆయన్ని అందరం సయా అనేవాళ్ళం. వాళ్ళ మాటలో గురువుగారని.

తెర మీద ఎవరి కాళ్ళు

ఇప్పుడు నిజం చెబుతాను. మొదటి మూడేళ్ళు మా ముఖాలు ఏ సినిమాలోనూ లేవు. హీరోకీ హీరోయిన్‌కీ టాప్ రాదు. నేర్చుకునే ఓపికా లేదు. చెడ్డవాళ్ళు కారు పాపం, బద్ధకస్తులు. అందుకని మోకాళ్ళ దాకా వాళ్ళని తీసి, తర్వాత మా కాళ్ళు విడిగా తీసి అతికేవారు. మోకాలి పైన వాళ్ళు, మోకాలి కిందంతా మేమే. నా చీలమండలు హీరోయిన్ రంగులో కనబడాలని పౌడరు పట్టించేవారు. అది చెమటకి కారి బూట్లలోకి పోయేది.

ముఖాలే కనబడవు కదా, అమ్మ షరతుకి ఇక ఇబ్బంది లేదనుకున్నాం. కానీ ఒక ప్రేమపాటకి మా కాళ్ళు వాడుకున్న సంగతి అమ్మకి చెప్పలేదు. సినిమాకి వెళ్ళింది. హాల్లో అందరూ హీరోహీరోయిన్లని చూస్తుంటే మా అమ్మ గట్టిగా, "ఓలమ్మో, ఆ కాళ్ళు నా పిల్లలియ్యి!" అంది. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఇంటికొచ్చాక ఇద్దరికీ తల వాచేలా చీవాట్లు. ఆ తర్వాత వారం రోజులు మాత్రం వచ్చినవాళ్ళందరికీ ఆవిడే గొప్పగా చెప్పుకుంది.

దండం పెట్టిన టేకు

నాలుగో ఏడు సయా మమ్మల్ని పిలిచి, "ఈసారి మీ ముఖాలు కూడా తీస్తాను," అన్నాడు. రేవులో సరుకు దించే కూలీల పాట. అన్నా చెల్లెళ్ళుగానే మేము పెట్టెల మీద ఆడాలి. ఆ రాత్రి అన్నయ్య అద్దం ముందు నిలబడి మీసం ఎన్నిసార్లు దువ్వుకున్నాడో దేవుడికే తెలియాలి.

ఫిల్ము దొరకని రోజులవి. ఒక పాటకి ఇంత అని లెక్కగట్టి ఇచ్చేవారు. అందుకే సయా పది రోజులు రిహార్సల్ చేయించి ఒక్క టేకులో తీసేవాడు. టేకు మధ్యలో ఆకాశం విరిగిపడినా ఆగకూడదన్నది ఆయన చట్టం.

పాట చివర ఒక చోట నేను అన్నయ్య ముందు నుంచి అడ్డంగా దాటాలి. అతను గిర్రున తిరిగి నా వెనక్కి రావాలి. ఆ తర్వాత మూడు దెబ్బల ముక్తాయింపు. కుడి, ఎడమ, ఎడమ. అంతే పాట. దాటేటప్పుడు నా కుడి బూటు అతని కాలికి తగిలింది. గట్టిగా కూడా కాదు.

మన ఇళ్ళలో పెరిగినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళకి కాలు తగిలితే ఏం చేస్తాం? ఆలోచించం. చెయ్యి దానంతట అదే వెళుతుంది. నేను టక్కున వంగి, అన్నయ్య కాలిని వేళ్ళతో తాకి, కళ్ళకి అద్దుకున్నాను. కెమెరా తిరుగుతోంది. వాద్యాలు మోగుతున్నాయి. నేను పెట్టె మీద వంగి దండం పెడుతున్నాను. నేనక్కడ వంగి ఉంటానని అన్నయ్యకి ఎలా తెలుస్తుంది? గిర్రున తిరిగి వచ్చి నా వీపుకి తట్టుకుని, పెట్టె మీంచి కింద పడ్డాడు. ఎడమ మోకాలు మెలితిరిగింది.

సయా ఆ రోజు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆయనా బర్మావాడే, కాలు అంటే వాళ్ళకీ పట్టింపు ఎక్కువ. అందుకే చివరికి తల పట్టుకుని, "పోనీ, పాట అయ్యాక పెట్టకూడదా తల్లీ!" అన్నాడు.

మీరు అనుకుంటారు, ఇది అమాయకత్వం, ఇందులో తప్పేముందని. తప్పే. అడుగు వేసేటప్పుడు ఒళ్ళు ఇంట్లో నేర్చుకున్నది చేస్తుందా, బల్ల మీద నేర్చుకున్నది చేస్తుందా అని పది రోజుల రిహార్సల్లో నేను చూసుకుని ఉండాల్సింది. రిహార్సల్లో రెండుసార్లు తగిలింది. రెండుసార్లూ వంగాను. రిహార్సలే కదా అని ఎవరం పట్టించుకోలేదు.

గుడ్డలు కుక్కిన బూట్లు

అమ్మ పసుపూ సున్నమూ పట్టు వేసింది. డాక్టరు కట్టు కట్టాడు. మూడు వారాలకి అన్నయ్య మోకాలికి గుడ్డ బిగించుకుని మళ్ళీ పెట్టె ఎక్కాడు. పాట పూర్తయింది. ముక్తాయింపు దగ్గర కెమెరా మా ముఖాల మీదకి వచ్చింది కాబట్టి కాళ్ళు కనబడలేదు. కానీ నా పక్కన ఆడుతున్నవాడు కదా, నాకు తెలిసింది. ఆఖరి ఎడమ దెబ్బ ఆలస్యంగా పడింది. రెప్పపాటు. అంతే.

ఇక్కడ మా పనిలో ఒక సంగతి చెప్పాలి. తెర మీద మీరు వినే టాప్ చప్పుడు షూటింగ్‌నాటిది కాదు. తర్వాత రికార్డింగ్ హాల్లో బొమ్మ చూస్తూ, చెక్క పలక మీద మళ్ళీ ఆడి, ఆ చప్పుడు కలుపుతారు. మగ కాళ్ళకి ఒక మూల పలక, ఒక మైకు. ఆడ కాళ్ళకి రెండో మూల ఇంకో పలక, ఇంకో మైకు. ఒకరి చప్పుడు ఇంకొకరి దాంట్లో పడకుండా విడివిడిగా తీసేవారు. సౌండు చూసేది ఊ చిట్ అనే పెద్దాయన. రేకుల కప్పు మీద వాన పడితే పని ఆపేసి వక్క నములుతూ కూర్చునేవాడు.

ఆ రోజు అన్నయ్య తొమ్మిది సార్లు ఆడాడు. తొమ్మిది సార్లూ ఆఖరి ఎడమ దెబ్బ వెనకబడింది. ఊ చిట్ "చాలు, మీరు వెళ్ళండి," అని పంపేశాడు. అన్నయ్య ముఖం మాడ్చుకుని వెళ్ళాడు. ఎందుకంటే సయా ముందే చెప్పాడు. ఈ పాట చప్పుడు విన్నాకే తర్వాతి సినిమాకి అన్నయ్య ఉండాలా, మిస్ గారి దగ్గర నేర్చుకున్న ఇంకో అబ్బాయి రావాలా అన్నది తేలుస్తానని.

నా వల్ల పోయిన కాలు అది. నేను ఊ చిట్ దగ్గరికి వెళ్ళి, "అన్నయ్య కాళ్ళు కూడా నేను ఆడతాను," అన్నాను.

"వినేవాళ్ళకి తెలియదమ్మా. ఆడినవాడికి తెలుస్తుంది," అన్నాడు.

"తెలిసినా ఏమీ అనడు," అన్నాను. మనిషిని అడక్కుండా అతని తరఫున మాట ఇవ్వడం ఎంత తేలికో చూడండి.

బూట్లు స్టూడియో బీరువాలోనే ఉండేవి, వీధిలో నడిస్తే లాడాలు అరిగిపోతాయని. అన్నయ్య బూట్లు తీసి, ముందు గుడ్డలు కుక్కి, తొడుక్కుని ఆడాను. బరువుగా, మగవాడి చప్పుడే వచ్చింది. కుడి, ఎడమ, ఎడమ. ఆఖరిది అచ్చంగా సమయానికి పడింది. సయా విని తల ఊపాడు. తర్వాతి సినిమా అన్నయ్యకి ఖాయమైంది. నా ప్రాణం లేచొచ్చింది.

హాల్లో

సినిమా విడుదలైన రోజు అమ్మా, అన్నయ్యా, నేనూ వెళ్ళాం. మా ముఖాలు తెర మీద అంత పెద్దగా కనబడేసరికి అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పాట నడుస్తుంటే అన్నయ్య కాళ్ళు కుర్చీ కింద మెల్లిగా ఆడుతున్నాయి. ముక్తాయింపు వచ్చింది. తెర మీద మూడో దెబ్బ పడింది. ఆ తర్వాత, రెప్పపాటు ఆలస్యంగా, కుర్చీ కింద అన్నయ్య ఎడమ మడమ నేలకి తగిలింది.

అతను తల తిప్పి నన్ను చూశాడు. హాల్లో చప్పట్లు కొడుతున్నారు. నేను తెర వైపు తిరిగాను.

అమ్మకివేమీ తెలియవు. బస్సులో దారి పొడుగునా, "నా కొడుకు కాలు బాగైపోనాది, ఆ దెబ్బ ఎలా మోగిందో సూసినావా!" అంటూనే ఉంది. అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం వడ్డిస్తే తిన్నాడు. మూడో రోజు పొద్దున్న కొట్టు అరుగు మీద నేనొక్కదాన్నే ఆడుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"ఆ ఎడం కాలు ఎవలిది?"

"నీదే అన్నియ్యా."

"నా కాలు నాకు తెల్దేటి? తరవాతి సినిమా ఎవలికొచ్చినట్టు? నాకా, నీకా?"

నేను ఏడుపు మొదలుపెట్టాను. నా వల్లే పడిపోయావు, నా వల్లే కాలు పోయింది, నేను కాకపోతే ఎవరు చేస్తారు, ఇలా ఏవేవో అన్నాను.

అతను అరుగు మీద కూర్చున్నాడు. కోపం లేదు గొంతులో. అదే నాకు ఎక్కువ బాధయింది.

"ఆ రోజు నీ కాలు తగిలింది. దండం ఎట్టుకున్నావు. అక్కడితో అయిపోనాది పైడీ. ఇంకా ఎన్నాళ్ళు ఎట్టుకుంటావు?"

"మరేటి సెయ్యమంటావు?"

"సయాకి సెప్పీసొద్దాం రా."

"సెప్తే నిన్ను తీసేస్తాడు."

"తీసెయ్యనీ. నా కాలితోనే తీసేస్తాడు గదా."

జంటగా పనిచేసే పిల్లలకి ఈ ఒక్క మాట చెబుతాను. పక్కవాడి లోటు అతనికి చెప్పకుండా మీరు కప్పిపెడితే అది ప్రేమే, కాదనను. కానీ ఆ క్షణం నుంచి మీరు ఒంటరిగా ఆడుతున్నారు. నేను ఆ పాటలో అన్నయ్యని నిలబెట్టాననుకున్నాను. నిజానికి అతన్ని పక్కకి తప్పించి ఇద్దరి కాళ్ళూ నేనే ఆడేశాను. ఇది తప్పని తెలియడానికి నాకు అన్నయ్యే చెప్పాల్సి వచ్చింది.

రికార్డింగ్ హాలు

సయా ఆ వేళ రికార్డింగ్ హాల్లో ఉన్నాడు. అన్నయ్య ఎదురుగా నిలబడి, తెర మీద వినబడే ఎడమ కాలి దెబ్బ తనది కాదనీ, తనది వెనకబడుతుందనీ, బర్మా భాషలో, తడబడకుండా చెప్పాడు. నా పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. సయా నన్ను చూశాడు, ఊ చిట్‌ని చూశాడు, ఇద్దర్నీ కలిపి తిట్టాడు. ఊ చిట్ వక్క నమలడం ఆపి తల దించుకున్నాడు. పెద్దాయన నా కోసం తిట్లు తిన్నాడు. అందుకు ఆయనకి నేను ఎప్పుడూ సరిగ్గా క్షమాపణ చెప్పలేదు.

నేను చూసిన పైవాళ్ళలో సయా అందరికన్నా కోపిష్టి. కానీ నిజం చెబితే తట్టుకోగల మనిషి. అలాంటివాళ్ళు తర్వాత ఎక్కువమంది తగల్లేదు నాకు. తిట్లయ్యాక మైకు చప్పుడు వినే గొట్టాలు చెవులకి తగిలించుకుని, "ఆడండి, వింటాను," అన్నాడు.

అన్నయ్య తన పలక మీద, నేను ఆ మూల నా పలక మీద. ఆడాం. ముక్తాయింపులో నాది పడింది, తర్వాత అన్నయ్యది పడింది. మధ్యలో సందు అందరికీ వినబడింది. సయా కళ్ళు మూసుకున్నాడు. "మళ్ళీ," అన్నాడు. మళ్ళీ అంతే. అన్నయ్య నుదుటి మీద చెమట. మోకాలు నొప్పెడుతోందని నడకలో తెలుస్తోంది.

"ఇంకొక్కసారి. ఇదే ఆఖరు," అన్నాడు సయా.

నేను నా పలక దిగాను. హాలు దాటి వెళ్ళి అన్నయ్య పలక ఎక్కాను. ఇద్దరికీ చోటు సరిపోదు, భుజాలు ఒరుసుకున్నాయి.

"ఏటే?" అన్నాడు మెల్లిగా.

"నీ కాలు ఎప్పుడు పడతాదో నాకు తెలీదు అన్నియ్యా. ఇక్కడైతే తెలుస్తాది."

ఆడాం. నాలుగేళ్ళుగా పక్కపక్కన ఆడుతున్నాం గానీ, అతని ఊపిరి వింటూ ఆడటం అదే మొదలు. కుడి. ఎడమ. నా కాలు లేచింది. దించేయమని ఒళ్ళంతా చెబుతోంది. మిస్ గారి కర్ర, సయా చట్టం, అన్నీ దించేయమనే చెబుతున్నాయి. దించలేదు. పక్కన అతని మోకాలు వంగి, ఆగి, బయలుదేరేదాకా నా కాలు గాలిలోనే ఉంచాను. రెండూ కలిసి పడ్డాయి. ఆలస్యంగానే పడ్డాయి. కానీ ఆ ఆలస్యంలో పాట ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టయింది.

సయా చెవుల గొట్టాలు తీసి బల్ల మీద పెట్టి, మాతో కాదు, ఊ చిట్‌తో అన్నాడు.

"వచ్చే సినిమాకి వీళ్ళిద్దరికీ ఒక్క మైకు చాలు."

ఊ చిట్ లేచి ఆ మూలకి వెళ్ళి, రెండో మైకు వైరు చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. నేను పలక మీదే నిలబడి అందరి ముందూ భోరుమని ఏడ్చేశాను.

అన్నయ్య నా భుజం తట్టాడు. "తరవాత ఏడుద్దువు గానీ, ఆ లేసు ఊడిపోనాది, కట్టుకో. ఇంకోపాలి ఆడదాం."